ముప్పై రెండో చావు

డెస్మండ్ సియూ యాభై నాలుగేళ్ళ వయసుకి ముప్పై ఒక్కసార్లు చచ్చాడు. ఈ లెక్క అతను పెట్టింది కాదు, వాళ్ళమ్మ పెట్టింది. గ్లాస్గోలో మెట్ల మీంచి దొర్లి చచ్చాడు. మాంచెస్టర్ కాలవలో బోర్లా తేలాడు, అదీ ఫిబ్రవరి చలిలో. జపాను వాడిగా నాలుగుసార్లు, కొరియా వాడిగా రెండుసార్లు పోయాడు. ఓసారి మంగోలు రౌతు వేషమిచ్చి, గుర్రం ఎక్కకముందే బాణంతో కొట్టి చంపేశారు. మనిషి పుట్టింది మాత్రం లివర్‌పూల్‌లో. పెరిగింది మా పిక్టన్ రోడ్డులో, అమ్మానాన్నల చిప్స్ కొట్టు వెనక గదిలో, బంగాళాదుంపల బస్తాల మధ్య. నోరు తెరిస్తే అచ్చం ఈ ఊరి రేవు కూలీ మాట్లాడినట్టే ఉంటుంది. ఆ నోటిని సినిమా వాళ్ళు ముప్పై ఏళ్ళలో కేకలు పెట్టడానికి తప్ప తెరవనివ్వలేదు.

ఫైట్లు అతనికి చైనాటౌన్ సంఘం హాల్లో వచ్చాయి. ఓడల్లో వంట చేసి రిటైరైన గురువు ఒకాయన ఆదివారం పూట పిల్లల్ని వరసగా నిలబెట్టి, మోకాళ్ళు వంచి గుర్రం మీద కూచున్నట్టు అరగంట కదలకుండా ఉండమనేవాడు. మిగతా పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకోవడానికి ఉడాయించేవారు. డెస్ ఒక్కడే మిగిలాడు. ఇరవయ్యో ఏట హాంకాంగ్ వెళ్ళి అక్కడి ఫైటర్లలో కలిసి రెండేళ్ళు పని చేశాడు. మొదటిసారి చచ్చింది అక్కడే, వెదురు పరంజా మీంచి అట్టపెట్టెల మీద పడి. పడ్డవాడు లేచేలోపే ప్రొడక్షన్ మనిషి పరిగెత్తుకొచ్చి అతని జేబులో ఓ ఎర్ర కవరు కుక్కాడు. తెర మీద చచ్చినవాడికి ఎర్ర కవర్లో ఒక నోటు పెట్టి ఇచ్చెయ్యాలి. లేకపోతే ఆ చావు మనిషిని పట్టుకుని ఇంటిదాకా వస్తుంది. అక్కడ ఎంత పిసినారి నిర్మాత అయినా ఈ ఒక్క ఖర్చుకి వెనకాడడు.

ఇంగ్లండు తిరిగొచ్చాక రెండో చావు మాంచెస్టర్ కాలవలో. టీ ఇచ్చారు, తువ్వాలు ఇచ్చారు, కవరు ఇవ్వలేదు. ఇంటికొస్తే అమ్మ వెనక గుమ్మంలోనే ఆపేసింది.

"కవరిచ్చారా?"

"ఇక్కడ ఆ పద్ధతి లేదమ్మా."

"వీళ్ళకి పద్ధతి లేదని చావు ఊరుకుంటుందా?"

ఆవిడ లోపలికెళ్ళి, పంపరపనస ఆకులు నానేసిన నీళ్ళు గిన్నెలో తెచ్చి కొడుకు మొహం మీద చల్లింది. గల్లాపెట్టె కింద కొత్త సంవత్సరం కోసం దాచిన ఎర్ర కవర్లలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టింది. అప్పుడు గానీ గడప దాటనివ్వలేదు. ఆ రోజు నుంచి అదే అలవాటైపోయింది. ఇతరుల ఇళ్ళలో బస్సు దొరికిందా అని అడిగినట్టు ఈ ఇంట్లో తల్లీకొడుకులు చావు గురించి మాట్లాడుకునేవారు.

"ఎక్కడ చచ్చావు?"

"కార్డిఫ్‌లో."

"దేంతో?"

"కత్తి."

"తిన్నావా?"

కవర్లన్నీ అతను విప్పకుండా బిస్కెట్ల డబ్బాలో దాచాడు. ఆవిడ మాత్రం అతని సినిమా ఒక్కటీ చూడలేదు. కొడుకు చస్తుంటే టిక్కెట్టు కొనుక్కుని చూడ్డానికి నాకేం ఖర్మ అనేది. "నువ్వు బతికున్న సినిమా వస్తే పిలువు, మంచి కోటు వేసుకుని వస్తాను" అనేది. అతను పిలవలేదు, పిలవడానికి అలాంటి సినిమా ఏదీ లేదు.

డెస్ కోరిక ఏమంత పెద్దది కాదు. ఒక్క సినిమాలో పేరున్న మనిషిగా వెయ్యాలి. ఆ మనిషి తన గొంతుతో మాట్లాడాలి. సినిమా అయిపోయేదాకా బతికుండాలి. ఇన్నేళ్ళలో ఆఖర్న పేర్లు పడేటప్పుడు అతనికి దక్కినవి 'రెండో రౌడీ', 'మూడో కాపలావాడు' లాంటివే. ఓ సినిమాలో ముసుగు హీరోకి డూప్‌గా ఫైట్లన్నీ ఇతనే చేస్తే, ముసుగు తీసి మొహం చూపించిన తెల్లబ్బాయి మెరుపువేగం గురించి పత్రికలు పేజీలకి పేజీలు రాశాయి. డెస్ ప్రతి డైరెక్టర్నీ అడిగేవాడు, చేతులు కట్టుకుని, నవ్వుతూ. మంచి ఆలోచన, చూద్దాం అనేవారు. చూద్దాం అన్నవాళ్ళలో ఒక్కడూ చూసిన పాపాన పోలేదు. మంచివాడు, గొడవ చెయ్యడు అని ఇండస్ట్రీలో అతనికి పేరు. ఆ పేరు వల్లే పని దొరికేది, ఆ పేరు వల్లే అతను ఉన్నచోటే ఉండిపోయాడు.

అలాంటి రోజుల్లో లండన్ నుంచి గైల్స్ అనే కుర్ర డైరెక్టరు వచ్చాడు. మొదటి సినిమా. కథ ఇక్కడి బాక్సరు కుర్రాడిది. వాడికి రహస్యంగా యుద్ధవిద్య నేర్పే చిప్స్ కొట్టు యజమాని పాత్ర ఒకటుంది, పేరు మిస్టర్ వాంగ్. డైలాగులు పదకొండు. పేరు చూసి డెస్ అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. స్క్రిప్టు మాత్రం బస్సులో చదివాడు. ముప్పై ఎనిమిదో పేజీలో రౌడీలొచ్చి మిస్టర్ వాంగ్‌ని అతని కొట్లోనే పొడిచి చంపుతారు, బాక్సరు కుర్రాడు ఏడుస్తాడు, పగ పడతాడు. పేరొచ్చిందని సంతోషించేలోపే ప్రాణం పోయింది.

ఇంతలో గైల్స్ ఫోన్ చేసి, నిజం చిప్స్ కొట్టు ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు. డెస్ నోరు ఊరుకోలేదు, మాదే ఉంది అనేశాడు. ఇక అమ్మకి చెప్పాలి.

"ఏం సీను రా?" అని అడిగింది ఆవిడ.

డెస్ నీళ్ళు నమిలాడు. "రౌడీలొస్తారమ్మా. మాటా మాటా అనుకుంటాం."

"ఆ తర్వాత?"

"తర్వాత వేరే సీనుకి వెళ్ళిపోతుంది."

ఆవిడ ఏ కళనుందో నమ్మేసింది. షూటింగు సోమవారం పెట్టుకున్నారు, ఆ రోజు కొట్టుకి సెలవు. చైనా కొత్త సంవత్సరానికి సరిగ్గా అయిదు రోజులుంది. ఆవిడ అప్పటికే కొట్టంతా కడిగి, తలుపుకి రెండు పక్కలా శుభాకాంక్షల ఎర్రకాగితాలు అంటించింది. మామూలు రోజుల్లో ఎక్కడ చచ్చావని అడిగే మనిషే, పండగ ముందూ వెనకా కలిపి ఆ పదిహేను రోజులూ ఆ మాట నోట రానివ్వదు, ఎవర్నీ అననివ్వదు. అలాంటి వారంలో అలాంటి చోట చావు సీను పెట్టించి, ఆ సంగతి తల్లికి చెప్పకుండా దాచినవాణ్ణి ఏమనాలో నాకు తెలీదు. డెస్‌కి తెలుసు. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

సోమవారం పొద్దున యూనిట్ దిగింది. నలభై మంది, రెండు లారీలు. వరసలో నిలబడే కొనుగోలుదారు వేషం బర్నీకి ఇచ్చారు. బర్నీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళుగా కొట్టు తెరవగానే మొదట వచ్చి ఉప్పు-మిరియాల చిప్స్ కొనేది అతనే. జూనియర్ ఆర్టిస్టు వేషమని చెప్పినా పెళ్ళికి వెళ్ళినట్టు టై కట్టుకొచ్చాడు.

మొదటి షాట్‌లో మిస్టర్ వాంగ్ బాక్సరు కుర్రాడికి హితబోధ చెయ్యాలి. డెస్ స్క్రిప్టులో ఉన్నట్టే గొంతు సన్నం చేసి, కళ్ళు చికిలించి చెప్పాడు.

"నీ చెయ్యి... బలం ఉంది. నీ మనసు... బలం లేదు. నేను... చూపిస్తుంది."

వరసలో నిలబడ్డ బర్నీ పక్కున నవ్వాడు. షాట్ పాడైంది.

"ఏరా డెస్, వేడి చిప్పు నోట్లో పెట్టుకున్నావా ఏంటి?"

"స్క్రిప్టులో అలాగే ఉంది బర్నీ."

"నీకేదో పక్షవాతం తగిలిందనుకుని హడలి చచ్చాను."

యూనిట్ కుర్రాళ్ళు కూడా నవ్వారు. డెస్ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తన సొంత కొట్లో, తనకి ముప్పై ఏళ్ళుగా తెలిసినవాళ్ళ ముందు, తను ఎప్పుడూ మాట్లాడని మాట మాట్లాడాడు. షాట్ అయ్యాక గైల్స్ దగ్గరికెళ్ళాడు.

"గైల్స్, ఈ వాంగ్ ఈ ఊళ్ళోనే పుట్టాడనుకుందాం. నేను మాట్లాడినట్టే మాట్లాడిస్తే ఏం?"

"మీ మాట చాలా బావుంటుంది డెస్. నాకు చాలా ఇష్టం. కానీ చూసేవాడు నమ్మాలి కదా."

"లివర్‌పూల్‌లో చిప్స్ అమ్మేవాడు లివర్‌పూల్ వాడిలా మాట్లాడితే నమ్మనిదెవరండీ?"

గైల్స్ చాలా మర్యాదగా ఆలోచించాడు. "మంచి ఆలోచన. ఎడిటింగ్‌లో చూద్దాం."

డెస్ తల ఊపి తన చోటికి వెళ్ళిపోయాడు. అలవాటే కదా.

వెనక గదిలో అమ్మ యూనిట్‌కి చిప్స్ చేసే పనిలో ఉంది. సెలవైతే ఏం, ఇంటికొచ్చినవాళ్ళని ఆకలితో ఉంచుతామా అని పొద్దున్నుంచీ దుంపలు చెక్కుతూనే ఉంది. మేకప్ అమ్మాయి ఎర్రటి సీసా పట్టుకుని అటుగా వచ్చింది.

"అది టొమాటో సాసా?" అని అడిగింది ఆవిడ.

"కాదండీ, రక్తం. అంటే నకిలీదే. మధ్యాహ్నం మీ అబ్బాయి కింద పడి చనిపోయే షాట్ ఉందిగా, దానికి."

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. అరవలేదు. ముందు గదిలోకి వచ్చి చిప్స్ వేయించే ఫ్రయర్ ఆపేసింది. ఆవిడ పగటిపూట ఫ్రయర్ ఆపడం డెస్ అంతకుముందు చూసింది ఒక్కసారే, నాన్న పోయిన రోజు.

"ఆ-కిట్," అంది ఆవిడ. ఇంట్లో పిలిచే పేరు అది.

"అమ్మా."

"మాటా మాటా అనుకుంటారన్నావు."

"అనుకుంటామమ్మా. అనుకున్నాకే..."

"నా కొట్లోనా? ఈ వారంలోనా?"

ఆవిడ తలుపుకి అడ్డంగా స్టూలు వేసుక్కూచుంది. కెమెరా పెట్టాల్సిన చోటు అదే.

ఇమోజెన్ అని అసిస్టెంట్ డైరెక్టర్ ఒకమ్మాయి ఉంది. మంచిపిల్ల, చెప్పిన పని ఒకటైతే రెండు చేసే రకం. గబగబా ఫోన్‌లో వెతికి, చచ్చే వేషం వేసినవాడికి కవర్లో డబ్బు పెట్టి ఇస్తే దోషం పోతుందని తెలుసుకుంది. వెంటనే వీధి చివర దుకాణానికి పరిగెత్తి, ఉన్నవాటిలో ఖరీదైన కవరు కొంది. దళసరి కాగితం, అంచుకి వెండిగీత, పాలలాంటి తెలుపు. రెండు చేతులా పట్టుకుని ఇవ్వాలని కూడా చదువుకుంది కాబట్టి అలాగే పట్టుకుని, వంగి దండం పెట్టినట్టు అందించింది.

"మిసెస్ సియూ, మీ పద్ధతి అంటే మాకు గౌరవం. ఇది మీ అబ్బాయికి."

డెస్ అవతలి మూల నుంచి చూసి కొంప మునిగిందనుకున్నాడు. తెల్ల కవరు శవం లేచిన ఇంటికి పట్టుకెళ్ళేది. డెస్ నాన్న పోయినప్పుడు బర్నీ కూడా అలాంటిదే తెచ్చి ఇచ్చాడు.

"అయ్యో తల్లీ, ఎంత పని చేశావ్," అన్నాడు బర్నీ. "రంగు చూసుకోవాలి కదా, రంగు."

ఆవిడ ఆ కవరు ముట్టుకోలేదు. లేచి నిలబడితే అయిదడుగులుండదు. చేతిలో దుంపల చెక్కు తీసే కత్తి ఒక్కటే ఉంది.

"అందరూ బయటికి," అంది.

అయిదు నిమిషాల్లో నలభై మందీ, లైట్లూ, కెమెరా, బాక్సరు కుర్రాడూ, వాణ్ణి ఏడిపించాల్సిన ముగ్గురు రౌడీలూ పేవ్‌మెంటు మీదున్నారు. షట్టరు దబ్బున పడింది. వీళ్ళ కోసమే కాచుకున్నట్టు వాన కూడా అప్పుడే మొదలైంది.

గైల్స్ మొహం పాలిపోయింది. బాక్సరు వేషం కుర్రాడు మర్నాడు పొద్దున్నే వేరే సినిమాకి బెల్‌ఫాస్ట్ వెళ్ళిపోతున్నాడు, తిరిగొచ్చాక ఆఖరి పోటీ తియ్యడానికే రోజులు చాలవు. ఈ సీను ఈ రోజు తియ్యకపోతే మళ్ళీ కుదరదు.

"మీ అమ్మగారితో మాట్లాడండి డెస్. మీరే దిక్కు."

ముప్పై ఏళ్ళలో ఒక డైరెక్టరు డెస్‌తో మీరే దిక్కు అనడం అదే మొదటిసారి. అతను వెనక సందులోంచి లోపలికి వెళ్ళాడు. అమ్మ దుంపల బస్తా మీద కూచుని ఉంది. పక్క బస్తా మీద కూచున్నాడు. చిన్నప్పుడు హోంవర్కు చేసుకున్నది దాని మీదే.

"అబద్ధం చెప్పాను. తప్పైపోయిందమ్మా."

"అబద్ధం సంగతి తర్వాత తేలుస్తాను. ఆ వేషానికి పేరుందన్నావే, నిజమేనా?"

"నిజమే. వాంగ్."

"మాటలున్నాయా?"

"పదకొండున్నాయి. వంకర మాటలే, కానీ ఉన్నాయి."

"నీకది అంత కావాలా?"

డెస్‌కి కావాలి. ఎంత కావాలంటే కన్నతల్లికి అబద్ధం చెప్పేటంత. ఆ మాట పైకి అనలేకపోయాడు గానీ ఆవిడ మొహం చూసి తెలుసుకుంది.

"సరే," అంది. "కొట్లో వద్దు. వెనక సందులో చావు. నేను తలుపేసుకుని లోపల కూచుంటాను. అయ్యాక వచ్చి నీళ్ళు చల్లి కవరిస్తాను. ముప్పై కవర్లిచ్చినదాన్ని ముప్పై రెండో చావుకి ఇంకొకటి ఇవ్వలేనా."

చేతిలో ఎర్ర కవరు అప్పటికే ఉంది. దాని మడతలు వేలితో సవరిస్తోంది.

"ఒక్కటైనా చూద్దామనుకున్నానురా, నువ్వు బతికున్నది. డెబ్బై తొమ్మిదొచ్చాయి. ఫర్వాలేదులే, నీ పని నువ్వు చేసుకో."

డెస్ ఆ వేళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాడు. కోపం వచ్చింది. గైల్స్ మీద కాదు, తన మీద. చూద్దాం అన్న ప్రతివాడికీ తల ఊపి వచ్చేశాడు. ఊపిన ప్రతిసారీ ఆ చావుని గుమ్మం దగ్గర ఎదురెళ్ళి దించుకున్నది ఈ ముసలమ్మ. గొడవ చెయ్యడని తనకి వచ్చిన మంచిపేరు ఆవిడకి ముప్పై ఏళ్ళ భారమైంది. లేచి ముందుకెళ్ళి షట్టరు సగం పైకెత్తి, కింది నుంచి దూరి బయటికొచ్చాడు.

"ఒప్పుకున్నారా?" అన్నాడు గైల్స్.

"ఒప్పుకుంది. వెనక సందులో చావొచ్చంది."

గైల్స్ గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

"నేనే ఒప్పుకోవడం లేదు," అన్నాడు డెస్.

ఈసారి చేతులు కట్టుకోలేదు, నవ్వలేదు.

"వాంగ్ చావడు గైల్స్. చంపే తీరాలంటే వేరే మనిషిని చూసుకోండి. వేరే కొట్టు కూడా."

"డెస్, వాంగ్ చావకపోతే కుర్రాడికి కోపం ఎక్కణ్ణుంచొస్తుంది? ఆఖరి పోటీలో వాడు దేనికోసం కొడతాడు?"

"బాక్సరు గెలవాలంటే ఎవడో ఒకడు చావక్కర్లేదండీ. రౌండుకీ రౌండుకీ మధ్య వాడొచ్చి మూలలో కూచుంటాడు. అప్పుడు నీళ్ళ సీసా అందించి, కన్ను వాచిందేమో చూసి, చెవిలో నాలుగు మాటలు చెప్పేవాడు కావాలి. మీ తొంభయ్యో పేజీ చదివాను. మూలలో స్టూలుంది. పక్కన మనిషి లేడు. ఎందుకు లేడంటే ముప్పై ఎనిమిదో పేజీలో మీరు వాణ్ణి చంపేశారు."

"నేనూ అదే అడుగుదామనుకున్నాను," అన్నాడు బాక్సరు కుర్రాడు. "ఆ సీన్లో నాకు సీసా ఎవరిస్తారా అని."

"పాయింటే కదా," అన్నాడు బర్నీ.

గైల్స్ చెడ్డవాడు కాదు, భయస్థుడు, అంతే. వాచీ చూసుకున్నాడు. వాన చూశాడు. ఇంకా తెల్ల కవరు పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడ్డ ఇమోజెన్‌ని చూశాడు.

"మరి ఈ సీన్లో ఏం జరుగుతుంది?"

"రౌడీలొస్తారు. నేను తంతాను. పోతారు."

"పోయాక?"

"పోయాకేముంది, బర్నీ చిప్స్ కోసం నిలబడ్డాడుగా."

"దానికి మాటలు రాయలేదు డెస్."

"మీరు రాయక్కర్లేదు."

షట్టరు కింద రెండు చెప్పులు కనిపించాయి. ఆవిడ అంతా వింటూనే ఉంది.

"ఎవరూ చావరా?" అని లోపల్నుంచి అడిగింది.

"ఎవరూ చావరమ్మా. రౌడీలు కూడా కాళ్ళమీదే వెళ్తారు."

తర్వాత ఫ్రయర్ గుర్రుమంది.

ఫైటంతా డెస్ అరగంటలో కూర్చాడు. రౌడీ వేషాల కుర్రాళ్ళకి ఎలా కొట్టాలో కాదు, ఎలా పడాలో నేర్పించాడు. అందులో అతన్ని మించినవాడు ఇంగ్లండులో లేడు. ఒకణ్ణి దుంపల బస్తాతో, ఒకణ్ణి తడి తుడుపుకర్రతో, మూడోవాణ్ణి చిప్స్ తోడే గరిటెతో బయటికి పంపాలి. తలుపు దగ్గర ఎర్రకాగితాలు చిరగకూడదని వాళ్ళమ్మ షరతు పెట్టింది. ఫైటు ఒకే టేక్‌లో అయిపోయింది. మూడోవాడు బయటికి పోయాక తలుపుకున్న గంట టింగుమంది. డెస్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని ఇటు తిరిగాడు. వరసలో బర్నీ అంగుళం కదలకుండా నిలబడి ఉన్నాడు. డెస్ ఆ కౌంటరు వెనక నిలబడి రోజూ అడిగే ప్రశ్నే, రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఉప్పూ మిరియాలూ దండిగానేనా పెద్దాయనా?"

బర్నీకి మాటలేమీ లేవు, పొట్లం తీసుకుని వెళ్ళిపోవాలి. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఎప్పుడూ ఉండేదేగా డెస్."

కెమెరా వెనక ఎవరో నోరు మూసుకుని నవ్వు ఆపుకున్నారు. గైల్స్ కట్ చెప్పి, చాలా బావుంది, కానీ అతని పేరు వాంగ్ అని గుర్తుచేశాడు. ఆ మాటల వరకే మళ్ళీ తీశారు. రెండో టేక్‌లో బర్నీ "థాంక్స్ డెస్" అన్నాడు. మూడో టేక్‌లో వాంగ్ అని మొదలుపెట్టి, తడబడి, మళ్ళీ డెస్ దగ్గరే తేలాడు.

"నా వల్ల కాదు బాబూ," అన్నాడు బర్నీ. "వాణ్ణి చూస్తూ వేరే పేరెట్టి పిలవడం నాకు రాదు."

గైల్స్ నవ్వేశాడు. పొద్దున్నుంచీ అతను నవ్వింది అప్పుడే. "సరే, వాంగ్ ఇంటిపేరు. పేరు డెస్. రాసుకో ఇమోజెన్." తర్వాత నుదురు రుద్దుకుంటూ, "పొద్దున తీసిన హితబోధ సీను మళ్ళీ తియ్యాలి," అన్నాడు. "ఇలా మాట్లాడే మనిషి పొద్దున అలా మాట్లాడాడంటే చూసేవాడు నమ్మడు."

డెస్ గరిటె తీసి గైల్స్‌కి కూడా ఓ పొట్లం చిప్స్ కట్టి ఇచ్చాడు.

సినిమా మరుసటి శీతాకాలం వచ్చింది. దాంతో ప్రపంచం తలకిందులైపోయిందని చెప్పను. మా ఊళ్ళో వారం ఆడింది. ఏజెంటు ఫోన్ చేసి, లీడ్స్‌లో రెండో కాపలావాడి వేషముంది, వేస్తావా అన్నాడు. వాడికి పేరుందా అని డెస్ అడిగాడు. లేదన్నాడు ఏజెంటు. పేరు పెట్టాక ఫోన్ చెయ్యమని డెస్ పెట్టేశాడు. గొడవ చేసే మనిషని ఇప్పుడు కొంచెం పేరొస్తోంది, అది అతనికి బాగానే ఉంది.

మొదటి ఆటకి అమ్మ మంచి కోటు వేసుకుని వచ్చింది. ఒక పక్క డెస్, ఇంకో పక్క బర్నీ. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

"అందులో ఏముందమ్మా?"

"కవరు. సినిమా వాళ్ళని నమ్మలేం. ఆఖర్న మార్చేసుంటారు."

తెర మీద ఎవడు చెయ్యెత్తినా ఆవిడ కొడుకు మోచెయ్యి పట్టుకుని "ఇప్పుడా?" అనేది. "కాదమ్మా" అనేవాడు డెస్. ముప్పై ఎనిమిదో పేజీ దాటింది. ఆఖరి పోటీ వచ్చింది. మూలలో స్టూలు, స్టూలు పక్కన మనిషి. నీళ్ళ సీసా అందించి, కుర్రాడి కన్ను చూసి, పిక్టన్ రోడ్డు గొంతుతో వాడి చెవిలో ఏదో అన్నాడు. హాలంతా నవ్వింది. కుర్రాడు గెలిచాడు. మర్నాడు పొద్దున చిప్స్ కొట్టు షట్టరు పైకి లేచింది, లేపింది డెస్ వాంగ్. అంతటితో సినిమా అయిపోయింది.

పేర్లు పడేదాకా ఆవిడ ఎవర్నీ లేవనివ్వలేదు. ఇంగ్లీషు అక్షరాలు మెల్లిగా కూడబలుక్కుని చదివింది. డెస్ వాంగ్, డెస్మండ్ సియూ. చదివి ఏడ్చింది, దాచుకోలేదు. బర్నీ రుమాలు ఇస్తూ, "నా డైలాగు బాగా వచ్చింది కదక్కా?" అన్నాడు.

హాలు గుమ్మం దగ్గర ఇమోజెన్ ఎదురైంది. ఆ రోజు కవరు గురించి ఇప్పటికి పదోసారి క్షమాపణ మొదలుపెట్టింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి, వాడకుండా మిగిలిపోయిన ఎర్ర కవరు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"నీకింకా పెళ్ళి కాలేదుగా, కొత్త సంవత్సరం కవరు తీసుకోవచ్చు. ఈసారి రంగు బాగా చూసి పెట్టుకో."

ఇమోజెన్ రెండు చేతులా తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి ఈదురుగాలి కొడుతోంది. వెనక సందులో అమ్మ తాళం తీసి లోపలికెళ్ళింది. డెస్ గడప ముందు ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ మొహం కాస్త ముందుకి చాచి, కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు పడలేదు. కాసేపాగి కళ్ళు తెరిచి చూస్తే, అమ్మ లోపల కోటు విప్పి మేకుకి తగిలిస్తోంది.

"అక్కడ నిలబడ్డావేంరా?" అంది వెనక్కి తిరగకుండానే. "నీళ్ళు చచ్చి వచ్చినవాడికి. నువ్వు లోపలికి రా, చలి కొడుతోంది."

డెస్ గడప దాటి లోపలికెళ్ళి తలుపేశాడు.